లెక్కలో లేని దెబ్బ

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా పెదనాన్నకూ పెద్దమ్మకూ గోల్ఫ్ మీద తగువు ఉండాల్సిందే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా నాన్న గూడ్సు బళ్లకు గార్డు. డ్యూటీకి వెళ్తే ఎప్పుడు తిరిగొస్తాడో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. నాన్న అన్నగారైన మా పెదనాన్న బాగా చదువుకుని అదే రైల్వేలో ఆఫీసరయ్యాడు. మా క్వార్టర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే వాళ్ల బంగళా. వాళ్లకు పిల్లలు లేరు. శనివారం బడి వదిలితే నేను పుస్తకాల సంచీతోనే వాళ్లింటికి వెళ్లిపోయేదాన్ని. సోమవారం పొద్దున పెద్దమ్మ రెండు జడలు వేసి, డబ్బా కట్టి పంపేది.

గోల్ఫ్ అనగానే ఇప్పటి పిల్లలకు టీవీలో కనిపించే పచ్చటి మైదానం గుర్తొస్తుంది. మాది అలా ఉండేది కాదు. వానాకాలంలో నాలుగు నెలలు గడ్డి పెరిగేది, ఆవులు మేసేవి. మిగతా ఏడాదంతా ఎర్రమట్టి గట్టిపడి సిమెంటు గచ్చులా ఉండేది. బంతి పడాల్సిన గుంటను హోల్ అంటారు, దాని చుట్టూ గడ్డి బతకదు కాబట్టి నూనె కలిపిన ఇసుకను చదునుగా పరిచేవారు. చివరి హోల్‌కు ముందు మైదానానికి అడ్డంగా నీళ్లు పారే ఒక నాలా ఉండేది. ఆటేమో చాలా తేలిక. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని హోల్‌లో వేస్తే వాళ్లు గెలిచినట్టు.

ఆ రోజుల్లో ఆఫీసర్ల ఇళ్ల ఆడవాళ్లు అక్కడికి వచ్చినా టీ తాగి కబుర్లు చెప్పుకుని వెళ్లేవారు. మా పెద్దమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని గోల్ఫ్ కర్ర పట్టేది. పెళ్లయిన కొత్తలో పెదనాన్నే నేర్పాడట. నేర్పినవాడి కన్నా బాగా కొట్టేది. బంతి తగిలిన చప్పుడే వేరుగా ఉండేది. కానీ పది దెబ్బల్లో రెండు మాత్రమే అలా తగిలేవి. మిగతావి పొదల్లోకి, రోడ్డు మీదికి, ఒకసారైతే ఎవరి పెరట్లోనో ఆరేసిన వడియాల మీదికీ పోయాయి. పెదనాన్న బంతి ఎప్పుడూ అంత ఎత్తు లేచేది కాదు. మెల్లగా, నేల పట్టుకుని, వెళ్లాల్సిన చోటికే వెళ్లేది. అందుకని ప్రతి ఆదివారం ఆయనే గెలిచేవాడు.

ఇంటికొచ్చాక మొదలయ్యేది తగువు. ఆయన తన దెబ్బలు, ఆమె దెబ్బలు హోల్ వారీగా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు. పెద్దమ్మ వినేది కాదు.

"లెక్కేటండీ, రేపటికి మర్చిపోతాం. ఆ మూడో హోల్ దగ్గర నాకు తగిలింది చూశారా? అది వారమంతా నా చేతిలో ఉంటాది."

"లెక్క లేకపోతే దాన్ని ఆట అనరు, షికారంటారు," అనేవాడు పెదనాన్న. "బాగా తగిలిందని ఎవడైనా చెప్పుకోవచ్చు. లెక్క అబద్ధం ఆడదు."

ఎవరూ తగ్గేవారు కారు. ఒక్కోసారి కోడిపులుసు వడ్డించేదాకా ఇద్దరికీ మాటలుండేవి కావు. నేను పెదనాన్న పక్షం. పొట్టిగా కోసిన పాత కర్రతో ఆ గట్టినేల మీద బంతిని దొర్లించుకుంటూ పోయేదాన్ని. గాల్లోకి లేపడం నాకు రాదు, అక్కర్లేదు కూడా. లెక్క తక్కువ వచ్చేది, పెదనాన్న వీపు తట్టేవాడు. పెద్దమ్మ మాత్రం నన్ను చూసి నవ్వి, "చేతికి ఏటైనా తెలిసిందేటే?" అని అడిగేది. తెలియడం అంటే ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. "సరిగ్గా తగిలితే చేతిలో కర్ర ఉందన్న సంగతే తెలీదే," అని ఆమే చెప్పేది.

ఒక వానాకాలం పొద్దున్న, పూజకు పూలు కోస్తూ పెద్దమ్మ పెరట్లో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయింది. ఆసుపత్రిలో చాలా రోజులుంది. మాట త్వరగానే తిరిగొచ్చింది. కాలు కొంచెం ఈడుస్తూ నడవడం వచ్చింది. చెయ్యి మాత్రం గ్లాసు పట్టుకోవడానికే వణికేది. చలికాలం వెళ్లింది, ఎండలు వచ్చాయి. ఆమె వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేది, అంతే. పెదనాన్న మైదానానికి వెళ్లడం మానేశాడు. ఎవరైనా పిలిస్తే ఆఫీసులో పని ఉందనేవాడు. ఆదివారాలు ఆ ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉండేది. నాకు ఆ తగువు వినాలనిపించేది.

ఒక సాయంత్రం పెద్దమ్మ నా చేత తన కర్ర తెప్పించుకుంది. పెరట్లో బంతి పెట్టమంది. మొదటిసారి గాలిని కొట్టింది. రెండోసారి మట్టిని. మూడోసారి బంతి కర్ర అంచుకు తగిలి, తులసికోట దాకా దొర్లి ఆగిపోయింది. ఆమె కర్ర నా చేతికిచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఎవరికైనా ఇచ్చీమని మీ పెదనాన్నకి చెప్పాలి. ఇంక నాకెందుకివి."

ఆమెను ఓదార్చాలని నేను నాకు తోచింది అన్నాను. నీకు లెక్క అక్కర్లేదు కదా పెద్దమ్మా, ఎన్ని దెబ్బలు పడితే ఏంటి, అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లెక్క అక్కర్లేని దానికే కష్టమే, అమ్మీ. మీ పెదనాన్నకైతే ఎలా తగిలినా పర్లేదు, హోల్‌లో పడితే చాలు. నాకు ఆ తగలడమే కావాలి. అదే పోయింది. ఇంక దేనికోసం వెళ్లాలి చెప్పు?"

లోపల గదిలో పెదనాన్న పేపరు చదువుకుంటున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పెదనాన్న నన్ను పక్కకు పిలిచాడు. చలికాలంలో పెద్దలూ పిల్లలూ జోడీగా ఆడే పోటీ ఉందని, ఒకే బంతిని ఒకసారి పిల్లలు, ఒకసారి పెద్దలు కొట్టాలని చెప్పాడు. "నీతో ఆడాలని మీ పెద్దమ్మకు ఉంది. అడగడానికి మొహమాటపడుతోంది," అన్నాడు. నేను గంతులేశాను. ఆ పక్కవారం నుంచి ముగ్గురం మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాం. పెద్దమ్మ ఒక చేత్తో నా భుజం పట్టుకుని నడిచేది.

ఆమెకు ఒక్క హోల్ పూర్తి చేయడానికే పదిహేను దెబ్బలు పట్టేవి. పెదనాన్న ఎప్పటిలాగే లెక్కపెట్టేవాడు. పాపం అని ఒక్కటీ తగ్గించేవాడు కాదు. గాలిని కొట్టినా దెబ్బే. మొదట్లో నాకు ఆయన మీద కోపం వచ్చేది. కానీ పదిహేను ఒక వారానికి పద్నాలుగయింది. కొన్నాళ్లకు పన్నెండు. నేల మీద బంతిని ఎలా దొర్లించాలో నేనే ఆమెకు చూపించేదాన్ని. పెద్దమ్మ ఎడమచేతి మీద బరువు వేసి, కుడిచేతిని ఊరికే తోడుగా పెట్టి కొట్టడం నేర్చుకుంది. దీపావళి దాటాక ఒకరోజు, ఇసుకలోంచి బంతి తీస్తూ ఆమె వెనక్కి తిరిగి, "ఎన్నండీ?" అని అడిగింది. అన్నేళ్లలో ఆమె లెక్క అడగడం అదే మొదటిసారి. పెదనాన్న చెప్పాడు. "అచ్ఛా," అని ఆమె తల ఊపి తర్వాతి హోల్ వైపు నడిచింది.

ఆ రోజు తిరిగి వస్తూ ఆమె నాతో అంది, "నువ్వు ఏడ్చి అడిగావని ఒప్పుకున్నాను గానీ, లేకపోతే వచ్చేదాన్ని కాదే."

"నేనెప్పుడు ఏడ్చాను? నువ్వే కదా మొహమాటపడుతున్నావని పెదనాన్న చెప్పాడు."

"నేనా? నాకేటి మొహమాటం?"

ఇద్దరం ఆగి వెనక్కి చూశాం. పెదనాన్న జేబురుమాలుతో బంతి తుడుచుకుంటూ, ఎంతకీ తల ఎత్తలేదు. పెద్దమ్మ ఆ ఏడాదిలో అంతగా నవ్వగా నేను చూడలేదు.

పోటీ రోజు పొద్దున మంచు దట్టంగా ఉంది. అందరూ స్వెట్టర్లు, మఫ్లర్లు. మా మీద ఎవరికీ ఆశ లేదు. కానీ మిగతా పెద్దలు బంతిని గాల్లోకి లేపి పొదల్లో పోగొట్టుకుంటుంటే, మేమిద్దరం నేల మీద మెల్లగా దొర్లించుకుంటూ వెళ్లాం. చివరి హోల్‌కు వచ్చేసరికి మా కంటే ముందు ఆట ముగించిన ఒక డాక్టరుగారి జోడీ ఒక్కటే మాకు పోటీ అని తెలిసింది. నేను కొట్టిన బంతి నాలాకు ఇవతల ఆగింది. తర్వాత పెద్దమ్మ వంతు.

నాలా మీదుగా కొడితే నేరుగా హోల్ దగ్గరికి పోవచ్చు. పక్కన ఉన్న చిన్న కల్వర్టు మీదుగా దొర్లించుకుంటూ వెళ్తే రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి. అయినా గెలుస్తాం. నాలాలో పడితే మాత్రం అంతా పోయినట్టే. పెద్దమ్మ నాలా అవతలికి చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు. జబ్బు చేయకముందు ఆదివారాల్లో, కొట్టే ముందు ఆమె అలాగే చూసేది. ఆమె భుజాలు కొంచెం పైకి లేచాయి. అప్పుడు నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"నీకు కప్పు కావాలేటే?"

నాకు పదేళ్లు. ఆఫీసర్ల పిల్లల మధ్య గార్డు కూతురిని. కప్పు చాలా కావాలి. తల ఊపాను.

ఆమె పక్కకు తిరిగి, బంతిని కల్వర్టు వైపు జాగ్రత్తగా దొర్లించింది. మేం గెలిచాం. నాకు కప్పు ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ నన్ను దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆమె సంతోషం నిజమైనదే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

అందరూ టీ తాగి వెళ్లిపోయాక మేం ముగ్గురం బయల్దేరాం. నాలా దగ్గరికి రాగానే పెదనాన్న ఆగాడు. జేబులోంచి ఒక బంతి తీసి, ఇందాక మా బంతి ఆగిన చోటే వంగి పెట్టాడు. పెద్దమ్మ కర్ర ఆమె చేతికిచ్చాడు.

"ఏటండీ ఇది?"

"కొట్టు. ఇప్పుడు లెక్క లేదు."

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? పెద్దమ్మ కొట్టింది. నాలాలో పడింది. ఆయన ఇంకో బంతి పెట్టాడు. అదీ నాలాలోనే. జేబులు ఉబ్బెత్తుగా ఉన్నాయని అప్పుడు చూశాను. ఇంటి దగ్గరే నింపుకుని వచ్చాడు. ఆయన వంగి బంతి పెట్టడం, ఆమె కొట్టడం, అది నీళ్లలో పడటం. పెద్దమ్మకు ఆయాసం వచ్చింది. ఇంక చాలు అంటుందేమో అనుకున్నాను. అనలేదు. కాలు కొంచెం జరిపి నిలబడింది.

ఆ తర్వాతి దెబ్బకు చప్పుడు మారింది. ఏడాదిన్నరగా వినని ఆ చప్పుడు. బంతి లేచింది. మంచు విడిచిన ఆకాశంలోకి, నాలా మీదుగా, అవతల ఎత్తైన సాల్ చెట్ల వైపు వెళ్లిపోయింది. పెద్దమ్మ కర్ర ఇంకా దించలేదు. ముఖం ఎర్రగా, పెదవులు విడివడి, కళ్ల నిండా నీళ్లతో అలాగే ఉంది.

"ఎక్కడ పడిందండీ?" అని అడిగింది.

పెదనాన్న ఆమెనే చూస్తున్నాడు.

"చూడలేదు," అన్నాడు.

ఏ బంతి ఎక్కడ పడిందో, ఎన్నో దెబ్బో, ప్రతిదీ గుర్తుపెట్టుకునే మనిషి. మేం ఆ బంతిని వెతకలేదు. ఆమె చెయ్యి ఆయన పట్టుకున్నాడు, ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. ఇంటికొచ్చాం.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. చెయ్యి పూర్తిగా ఎప్పుడూ బాగుపడలేదు. అలాంటి దెబ్బలు ఏడాదికి ఒకటో రెండో తగిలేవి. ఆదివారాల తగువు మాత్రం మళ్లీ మొదలైంది. ఆయన లెక్కలు, ఆమె దెబ్బలు. ఎవరిది రైటో వాళ్లు తేల్చుకోలేదు, నేనూ తేల్చలేకపోయాను. పెద్దమ్మను మళ్లీ మైదానానికి తీసుకొచ్చింది ఆమె ఎప్పుడూ వెక్కిరించిన ఆ లెక్కే. తగిలేదాకా ఆమెను నిలబెట్టిందీ అదే. కానీ తగిలిన క్షణంలో దాని అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆమె పోయాక ఒకసారి పెదనాన్నను అడిగాను, మీ అన్నేళ్ల ఆటలో అన్నిటికన్నా తక్కువ లెక్క ఎంత అని. గుర్తు లేదన్నాడు. ఆ నాలా దెబ్బ గురించి చెప్పడం మొదలుపెట్టాడు, నేను అక్కడ లేనట్టు.

ఇప్పుడు నేను అదే బిలాస్‌పూర్‌లో, సర్కండా పేటలో ఉంటున్నాను. కొన్నేళ్ల కిందట మా ఆయనకు చూపు బాగా మందగించింది. రోజుకో పుస్తకం చదివే మనిషి, పుస్తకాలన్నీ కట్ట కట్టి అటక మీద పెట్టేయమన్నారు. ఫర్వాలేదులెండి అని మా పిల్లలు అన్నారు. నేను ఆ మాట అనలేదు. పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి తెచ్చి, పక్కన కూర్చుని, ఆయన ఆ రోజు ఎన్ని పంక్తులు చదవగలిగారో పైకే లెక్కపెట్టాను. ఆయన విసుక్కున్నారు. అయినా రోజూ లెక్కపెట్టాను. చాలా వారాల తర్వాత ఒకరోజు ఆయన చదువుతూ చదువుతూ తనలో తాను నవ్వుకున్నారు. ఏ పంక్తిలో ఉన్నారో నేను చూడలేదు. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను.