పుట్టింటి దారి తప్పించిన బండి

ఇది రాయక తప్పదు. మా ఇంట్లో ఇప్పటికీ అన్నకు నయమైన సంగతే చెప్పుకుంటారు, వదిన ఊసెత్తరు.

నందికొండ డ్యాం పనిలో నల్లమందు మరిగిన అన్నను దవాఖానలో చేర్చాం. అక్కడ ఆ అలవాటు మాన్పించి, పరీక్షలో బయటపడ్డ సుఖరోగానికీ సూదులు వేశారు. ఏడో నెల కడుపుతో ఉన్న వదినను మాత్రం సూదికి ఎవరూ పిలవలేదు. ఆ రోగం భార్యకూ, కడుపులోని బిడ్డకూ అంటుతుందని గ్రంథాలయంలో ఎవరూ తెరవని వైద్య పుస్తకంలో చదివాను. వదినకూ సూది వేయించాలని అమ్మతో కొట్లాడాను.

"తొలి కాన్పుకు పుట్టింటికి పోతాంది. గసొంటి సూదేపిస్తే మన పరువేంగావాలె?" అంది.

"పరువుకు సూదెయ్యరే అమ్మా, వదినెకేస్తరు!"

పుట్టింటికని మా మేనమామ కట్టిన బండిని దవాఖానకు మళ్ళించాను. వదినకు సూదులు పడ్డాయి, బిడ్డ క్షేమంగా పుట్టింది.

పుస్తకమిచ్చిన గ్రంథపాలకునికి, సూది వేసిన నర్సమ్మకు, అడ్డుచెప్పక బండి తోలిన మామకు దండాలు. అంతా తెలిసీ నోరు మెదపని అన్నకు మాత్రం దండం పెట్టను.