నాయన తోలుకోటు, మొండి జిప్పు

మా చిన్నప్పుడు... మా నాయనను పెట్టెలో పడుకోబెట్టిన రోజు, చిన్నాయన నా తల మీద చెయ్యి వేసి ఒక మాట ఇచ్చాడు.

అమ్మ లోపలి నుంచి నాయన తోలుకోటు తెచ్చింది. నాయనకు అదే తొడిగి పంపాలని ఆమె కోరిక. చిన్నాయన ఆమె చేతిలోంచి అందుకున్నాడు. "ఇంత మంచి కోటు మట్టిలో వెయ్యడం ఏంది వదినా? అబ్బయ్యకు మీసాలొచ్చిన రోజు నా చేత్తో నేనే తొడుగుతా. అందాకా నా దగ్గర భద్రంగా ఉంటాది" అన్నాడు. పెట్టె చుట్టూ నిలబడినవాళ్లంతా ఎంత మంచి తమ్ముడో అన్నారు...

ఈ గ్రూపులో అందరూ అమ్మమ్మ చేతి గోరుముద్దల గురించి రాస్తుంటారు. రాసుకోండి. నేను ఒక జిప్పు గురించి రాస్తాను.

మాది ఉదయగిరి. నాయన లారీ డ్రైవరు. కలువాయి తోటల నిమ్మకాయలు ఢిల్లీకి తోలేవాడు. అక్కడి చలికి తట్టుకోలేక ఒక పాత తోలుకోటు కొనుక్కున్నాడు. మా ఎండల్లో దాని అవసరం ఏముంది? అయినా ఇంటికి వచ్చేటప్పుడు అది తొడుక్కునే లారీ దిగేవాడు. ఎందుకంటే దాని జిప్పు నాకోసం ఇరుక్కునేది...

"అబ్బయా, రా రా! మళ్లీ పట్టేసినాది. నువ్వు తియ్యకపోతే మీ నాయన ఈ పూట కోటుతోనే స్నానం చెయ్యాల" అంటూ గడప మీద కూర్చునేవాడు.

లోపలి గుడ్డ ఎప్పుడూ ఒకే చోట, గుండె దగ్గర, జిప్పు పళ్ల మధ్య చిక్కుకునేది. బలంగా లాగితే ఇంకా బిగుస్తుంది. ముందు గుడ్డను వేలితో పక్కకు లాగి పట్టుకోవాలి. పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రుద్దాలి. రన్నరును కొంచెం పైకి తోసి, అప్పుడు కిందికి లాగాలి. ఆ పని చేస్తున్నంతసేపూ నా ముఖం నాయన గుండెకు ఆనుకుని ఉండేది. డీజిలు, బీడీ, నిమ్మతొక్కల వాసన... నాయనకు దాన్ని తియ్యడం రాక కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆయన పోయాక నాకు ఆ కోటు కావాలనిపించేది. కోటు కోసం కాదు. ఆ వాసన కోసం.

చిన్నాయనది ఆత్మకూరు. మొదటి చలికాలం దాన్ని బీరువాలో దాచాడు. రెండో చలికాలానికి తొడుక్కుని మోటార్ సైకిల్ మీద ఊరంతా తిరిగాడు. "ఊరికే పెడితే పురుగు పడతాది" అని అమ్మకు కబురు చేశాడు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు, ఆఖరిదాకా...

నాకు నూనూగు మీసాలు వచ్చిన ఏడు క్రిస్మస్‌కు ఆత్మకూరు వెళ్లాను. ఆరాధన అయింది. మధ్యాహ్నం భోజనాలకు షామియానా కింద కూర్చోబోతుంటే చిన్నాయన జిప్పు పట్టేసింది. మెడ దాకా బిగించిన కోటులో చెమటలు కక్కుతున్నాడు.

"ఏందన్నా, కోటు నువ్వు వేసుకున్నావా, నిన్ను అది వేసుకున్నదా?" అని ఎవరో అన్నారు. బంతి బంతంతా నవ్వింది.

చిన్నాయన నన్ను చూశాడు. "అబ్బయా, ఇట్రా! ఈ జిప్పు నీ మాటే వింటాదంట గదా. తియ్యి. తీసినావంటే కోటు నీదే, ఇప్పుడే, ఇక్కడే."

నేను అందరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. మందిరంలోంచి తెచ్చిన కొవ్వొత్తి ముక్క రుద్దాను. గుడ్డ పక్కకు లాగాను. రన్నరు కొంచెం పైకి, తర్వాత కిందికి... వచ్చింది.

నేను చేతులు చాచాను.

చిన్నాయన కోటు విప్పి దులిపి, పక్కనే ఉన్న తన కొడుకు భుజాల మీద వేశాడు. "నిజంగానే ఇస్తాననుకున్నాడ్రా! ముందు నీకు భుజాలు రానీ. నీకేస్తే కర్రకు తగిలించినట్టుంటాది" అన్నాడు. మళ్లీ బంతంతా నవ్వింది. నేను భోజనం చెయ్యకుండా బస్సెక్కాను.

తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. క్షమించడం గురించి అంత అందంగా రాసిన మహానుభావుల్లో ఒక్కరికైనా ఇలాంటి చిన్నాయన ఉన్నాడా అని నా అనుమానం.

పోయిన నెల ఆయన చనిపోయాడు. నిండు వయసు, మనవలు, మునిమనవలు. వెళ్లాను. పెట్టెలో ఆయన ఒంటి మీద అదే కోటు. జిప్పు సగంలో ఆగిపోయింది.

ఆయన కొడుకు, నాకు తమ్ముడు, నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, నాయన పైదాకా వేసుకునేవాడు. పాస్టరుగారు వచ్చేసినారు. ఇది రావడంలా. నువ్వైతే..."

ఇది మా నాయన కోటురా, ఇప్పించండి అని నోటిదాకా వచ్చింది. శవం ముందు నిలబడి కోటు అడిగే ముసలివాడు ఎలా కనిపిస్తాడో తెలిసినవాణ్ణి. మింగేశాను. కొవ్వొత్తి అడిగాను. వంగి, గుండె దగ్గర చిక్కుకున్న గుడ్డను వేలితో లాగాను. ముఖం దగ్గరగా పెట్టాను... కలరా ఉండల వాసన, అత్తరు వాసన. నాయన లేడు. ఎక్కడా లేడు.

ఈసారి పైకి. గొంతుదాకా మెత్తగా వెళ్లిపోయింది.

"చిన్నాయనంటే ఎంత ప్రేమో చూడు" అంది వెనకాల ఒకామె. మూత పెట్టేశారు.

ఇప్పుడు బడిసంచీ జిప్పు పట్టేస్తే సంచీనే పారేస్తున్నారు... మంచిదే. పిల్లలకు ఎవరి ముందూ మోకాళ్ల మీద కూర్చునే పని లేదు. కానీ తండ్రి గుండెకు ముఖం ఆనించే పని కూడా లేదు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా మాటిచ్చి ఎగ్గొట్టి ఉంటే కింద రాయండి. చచ్చిపోయారు కదా అని పేరు దాచకండి. నేను దాచడం లేదు.

దేవసహాయం. మా నాయన సొంత తమ్ముడు దేవసహాయం.