ఊక నింపిన వ్యాను

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, మార్గశిరంలో రెండో శుక్రవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, భీమడోలు దాటి గుండుగొలను చేరకముందే రోడ్డు పక్కన వ్యాను ఆపి వెనక తలుపు తీశాం. టైము నేను చూసింది కాదు. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు, అక్షరాలూ రావు. మిల్లు ఆసామి చేతి గడియారం చూసుకుని, "ఏడూ ఇరవై. చూశారా, అమ్మ ఒక్కసారి కూడా గంట కొట్టలేదు" అన్నారు. ఆ మాట వల్ల టైము గుర్తుండిపోయింది.

మాది కొల్లేటి లంక. మా వాళ్లంతా చేపల వేటకు పోతే నేను ఏలూరులో చేపలు ఎగుమతి చేసే షెడ్డులో ఐసు పనికి కుదిరాను. ఐసు దిమ్మలకు చుట్టూ జానెడు మందాన ఊక కూరితే ఎండాకాలంలో కూడా రెండు రోజులు కరగకుండా నిలిచేది. ఆ కూరడంలో నాకు పేరుండేది. పెట్టెకు వేలు దూరేంత సందున్నా సహించేవాణ్ణి కాదు. గాలి పోయే దారుంటే ఐసు నీళ్లయినట్టే. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

తాడేపల్లిగూడెం దగ్గర రైసు మిల్లున్న ఆసామి ఒకాయన, యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత వ్యాను ఒకటి కొన్నారు. ఆయన తల్లికి డెబ్బై దాటాయి, ఉబ్బసం. ఆవిడకు కాశీ చూడాలని ఉంది. మాఘంలో గంగలో మునగాలి, అంతే, ఇంకో కోరిక లేదు. చలిలో ప్రయాణం చేస్తే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు చెప్పాడు. రైలు పెట్టెలో చలిగాలికి కూర్చోలేదు, సత్రాల్లో కటిక నేల మీద పడుకోలేదు. వ్యానులోనే మంచం వేసి, ఆగిన చోటల్లా అందులోనే పడుకోబెట్టి తీసుకెళ్తానని కొడుకు మాట ఇచ్చారు. కానీ అది ఇనప రేకుల వ్యాను. తెల్లవారుజామున లోపల చెయ్యి పెడితే రేకు చెమట పట్టి చల్లగా తగిలేది.

ఆయన ఏలూరు వచ్చి మా షెడ్డు చూశారు. "చలిని లోపల దాచేవాడివి, బయట ఆపలేవట్రా?" అని అడిగారు.

"ఎందుకాపలేనండీ. అదే ఊక, అదే పనండీ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో!

చెక్క పని చెయ్యడానికి గూడెం వడ్రంగి మేస్త్రీని పెట్టారు. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి. రేకుకు నాలుగంగుళాల దూరంలో టేకు బద్దలు నిలబెట్టి లోపల పలకలు కొట్టాడు. రేకు చెమటకు ఊక తడిసి కుళ్లకుండా ముందు తారు పూసిన గోనె పరిచాను. మిల్లులో ఊకకు కొదవ లేదు గానీ, తవుడు కలిసిన ఊక పనికిరాదు, పురుగు పడుతుంది. అందుకని జల్లెడ పట్టి, ఎండబెట్టి, వేపాకు కలిపి నింపాను. గుంటల రోడ్డు మీద వ్యాను తిప్పితే ఊక కిందికి కూర్చుంటుంది, పైన జానెడు ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ మళ్లీ నింపి, మళ్లీ తిప్పాం. ఇలా నాలుగు సార్లు. తలుపు అంచు చుట్టూ పాత కంబళి ముక్కలు మేకులతో బిగించాం. పెద్దమ్మగారికి, అంటే ఆసామి తల్లికి, ఏదన్నా కావాలంటే లాగడానికి మంచం పక్కన తాడు కట్టి, దాని రెండో కొస డ్రైవరు దగ్గరున్న గంటకు ముడేశాం.

పని జరుగుతుంటే పెద్దమ్మగారు రోజూ వచ్చి చూసేవారు. "ఏరా, నన్ను కొర్రమేనులా పెట్టెలో సర్ది పంపుతున్నావా?" అని ఒకరోజు అడిగారు.

"లేదండీ, చేపకు ఐసు వేస్తామండీ. మీకు దూది పరుపు వేస్తామండీ."

"అయితే చేప కంటే నయమే" అని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చేది.

ఆఖర్న మేస్త్రీ కప్పు కింద అటు మూడు, ఇటు మూడు చిల్లులు పెట్టాడు. అర్ధరూపాయి బిళ్లంతేసి. వాన పడినా నీళ్లు రాకుండా బయటికి వాలుగా తొలిచాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏంటి మేస్త్రీ, ఇంత కష్టపడి నింపితే చిల్లులు పెడతావా?"

"లోపల కుంపటి పెడతారటరా. ఇద్దరాడాళ్లు, పెద్దమ్మగారూ ఆవిడ చెల్లెలూ. ఊపిరాడొద్దూ?"

"తలుపు తీస్తే ఆడుతుంది."

"చేప ఊపిరి తీసుకోదు, మనిషి తీసుకుంటాడు. ఐసు పనోడివి, నీకేం తెలుసు" అని నవ్వి పనిముట్లు సర్దుకున్నాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. కాశీకి వెళ్లేముందు ఒకసారి చలిలో ఏలూరు దాకా వెళ్లి చూద్దామని ఆసామి అన్నారు. బయల్దేరేది శుక్రవారం. గురువారం సాయంత్రం మేస్త్రీ ఇంటికి వెళ్లాక వ్యాను ఎక్కి చిల్లుల దగ్గర చెయ్యి పెట్టాను. చల్లగాలి సూదిలా తగిలింది. రేపు పెద్దమ్మగారికి చలి వేస్తే నా ఊకను అంటారు, మేస్త్రీ చిల్లులను అనరు అనుకున్నాను. గోనె పీలికలు చుట్టి ఆరింటికీ లోపల్నుంచి బిగించాను. ఎవరికీ చెప్పలేదు. గాలి ఆగిపోయింది. నా పెట్టె ఇప్పుడు సరిగ్గా ఉందనుకున్నాను.

తెల్లారి మంచులో బయల్దేరాం. పెద్దమ్మగారు మంచం మీద, ఆవిడ చెల్లెలు తలుపు పక్కన కింద చాప మీద. బాలింత గదిలో పెట్టినట్టు మంచం కాళ్ల దగ్గర కుంపటి పెట్టించుకున్నారు. నలుగురు పిల్లల్ని కన్నది ఆ వేడిలోనేనట, అది లేనిదే చలి పోదట. తలుపు వేసి బయట గడియ పెట్టింది నేనే. ముందు సీట్లో డ్రైవరు, ఆసామి, మేస్త్రీ, నేను ఇరుక్కుని కూర్చున్నాం. దారంతా ఆసామి గంట వైపు చూస్తూనే ఉన్నారు.

"మోగలేదంటే వెచ్చగా ఉన్నట్టే" అన్నారు.

"మరేనండీ" అన్నాను.

భీమడోలు దాటాక ఆయన ఉండబట్టలేక బండి ఆపించారు. తలుపు తీస్తే లోపల్నుంచి వేడి ముఖానికి కొట్టింది. చెల్లెలుగారు తలుపుకు ఒరిగి పడి ఉన్నారు, తీయగానే మా చేతుల్లోకి వాలిపోయారు. పెద్దమ్మగారు దుప్పటి కప్పుకుని పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా" అని పిలిచారు ఆసామి. "అమ్మా, లేవే. ఏలూరు వచ్చేస్తోందే."

ఇద్దరినీ కిందికి దించాం. గడ్డికి పోతున్న ఒకావిడ పరిగెత్తి కాలవ నీళ్లు తెచ్చి ముఖాల మీద చల్లింది. కాసేపటికి చెల్లెలుగారు వాంతి చేసుకుని కళ్లు తెరిచారు. పెద్దమ్మగారు తెరవలేదు.

"ముందు ఆ కుంపటి బయట పారేయండ్రా!" అని డ్రైవరు అరిచాడు. నేను లోపలికి ఎక్కాను. కుంపటి బయటికి విసిరాను. వెంటనే దిగిపోలేదు. కప్పు కింద చెయ్యి పెట్టి ఆరు పీలికలూ లాగేసి పంచెలో దోపుకున్నాను. ఎవరూ చూడలేదు. ఆలోచించి చేశానని చెప్పను, ఆలోచించకుండా చేశానని కూడా చెప్పలేను.

తర్వాత మేస్త్రీ ఎక్కాడు. తలెత్తి చిల్లుల వైపు చూశాడు. ఒక్కొక్కదానిలో వేలు పెట్టి చూశాడు. దిగి వచ్చి ఆసామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"చిన్నవి పెట్టానండీ. ఇంకా పెద్దవి పెట్టాల్సిందండీ. నా చేతుల్తో నేనే చంపుకున్నానండీ."

ఆసామి తల్లి తల ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. "ఊరుకో మేస్త్రీ. ఆవిడకు కాలం తీరింది" అన్నారు. ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పీలికలు పంచెలోనే ఉన్నాయి.

వ్యాను వెనక్కి తిప్పి ఆవిడను మిల్లుకే తీసుకెళ్లాం. ఆ మాఘంలో కాశీకి ఎవరూ వెళ్లలేదు.

మిల్లులో అందరూ మేస్త్రీ లెక్క తప్పాడన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మేస్త్రీయే. ఆ తర్వాత తలుపు చెయ్యమంటే చేసేవాడు, మంచం చెయ్యమంటే చేసేవాడు. నాలుగు పక్కలా మూసే పని దేనికీ ఒప్పుకోలేదు. ధాన్యం గాదె కూడా చెయ్యనన్నాడు. అప్పుడప్పుడు గూడెం సంతలో కనిపించేవాడు. "ఏరా, బాగున్నావా" అని నాకు చుట్ట ఇచ్చేవాడు. తీసుకుని కాల్చేవాణ్ణి. అలా ఇరవై ఏళ్లు కాల్చాను. ఆయన పోయాడని విన్న రోజు కూడా నేను చెప్పలేదు. చెప్పాల్సిన మనిషే లేడు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన పిల్లలున్నారు, వాళ్లూ మా నాన్న లెక్క తప్పాడనే అనుకుంటున్నారు.

యాభై ఎనిమిదో ఏట రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. సంతకానికని నేర్చుకున్నాను, నిజం చెప్పాలంటే. ఇది రాయడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది. చిల్లులు సరిపోయేవి. మూసింది నేను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: మిల్లు ఆసామి. ఆయన తల్లి. ఆవిడ చెల్లెలు. వ్యాను డ్రైవరు. నీళ్లు తెచ్చిన ఆడమనిషి, ఆవిడ ఏ ఊరో అడగలేదు. వడ్రంగి మేస్త్రీ. నేను.