చప్పుడు ఆగిన మధ్యాహ్నం

మొన్న ఉదయం మహబూబాబాదు నుంచి మనవరాలు ఫోను చేసి, "తాతా, చప్పుడు అనే మాట యాడికెల్లి పుట్టింది? మా టీచరు అడిగిండ్రు" అన్నది. జనగామలో మా ఇంటి వసారాలో పత్రిక తిరగేస్తున్న నాకు, ఇన్నేళ్లకు ఒక శిష్యురాలు దొరికిందన్న ఉత్సాహం కలిగింది. శబ్దం సంస్కృతమనీ, అదే ప్రాకృతం మీదుగా వచ్చి మనకు సద్దు అయిందనీ, చప్పుడు మాత్రం ఎవరినీ అడిగి తెచ్చుకోని అచ్చ తెలుగు మాట అనీ చెప్పాను. రెండు అరచేతులు కలిస్తే పుట్టే 'చప్' అన్న ధ్వనిని అనుకరించి మన పూర్వులు చప్పట్లన్నారనీ, చప్పుడన్నారనీ పెద్దల ఊహ. "గంతేనా?" అని ఆమె ఫోను పెట్టేసింది. అంతే కాదు. నేను చెప్పినది ఆ మాట పుట్టుక మాత్రమే. దాని అర్థం నాకు తెలిసింది కొడకండ్లలో, మా మేనత్త ఇంట్లో.

అప్పట్లో నేను ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం చదువుతూ, వేసవి సెలవులకు అక్కడికి వెళ్లాను. అది నేతగాళ్ల వాడ. ఇంటింటా గుంట మగ్గమే. తెల్లవారకముందే ఒక ఇంట మొదలైన చప్పుడు ఎదురింటికీ పక్కింటికీ పాకి, పొద్దెక్కేసరికి వాడంతా ఒకే మనిషై ఊపిరి తీస్తున్నట్టుండేది. గంజి వాసన, తడి నూలు వాసన, ఎండ వేడిమి కలిసి కనురెప్పల మీద బరువుగా దిగేవి. వారి నోట అది సప్పుడు. "వాళ్లింట్ల సప్పుడున్నదా?" అని అడిగితే, అందరూ కులాసాయేనా అని అడిగినట్టు. సప్పుడు లేదంటే నూలు లేదనో, ఒంట్లో బాగులేదనో. వాడ మొత్తం ఒక్కసారిగా ఆగేది మాత్రం ఒకే ఒక్క కారణానికి. ఎవరైనా కన్నుమూస్తే, శవం వాడ దాటేదాకా ఎవరూ మగ్గం ముట్టరు.

ఆ వేసవిలో మామకు విషజ్వరం వచ్చింది. మగ్గం పక్కనే మంచం వేశారు. మామ ఎప్పుడూ మాటల పుట్టే; జ్వరంలోనూ పలవరింతలన్నీ చీర అంచుల గురించే. కంటిమీద కునుకు లేదు. డాక్టరు చూసి, అత్తమ్మను వాకిట్లోకి పిలిచి, "నిద్రవడితె మనిషి దక్కుతడమ్మా. పడకపోతె నా చేతుల లేదు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మాట ఎదురింటి పెద్దవ్వ చెవిన పడింది. ఆ ముసలామె ఇల్లిల్లూ తిరిగి, "పిలగాడు పండాలె, జర సప్పుడు బంద్ జెయ్యుండ్రి" అని బతిమాలింది. నెరిసిన మీసాల మామ ఆమెకు పిలగాడే. అందరూ ప్రేమతోనే పని ఆపారు.

వాడ నిశ్శబ్దమైంది. పెంకుల సందులోంచి దిగిన వెలుగులో నూలు నుసి మెల్లగా తేలుతున్నది. మామ పలవరింతా ఆగింది. నిద్రపట్టిందనుకుని వంగి చూస్తే, కళ్లు రెండూ విప్పుకుని దూలాన్ని చూస్తున్నాడు.

"ఎవలు పోయిండ్రే?" అన్నాడు.

"ఎవ్వలు పోలేదు, పండుకో" అన్నది అత్తమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"వాడంత ఆగింది. నాకు దాస్తున్నవ్. అల్లుడా, నువ్వన్న చెప్పు. పోయింది నేనేనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నువ్వు కాదు మామా" అన్నాను.

"మరి మీ అత్త ఏడుసుడేంది? పాడె లేపుండ్రి, ఎండ ముదురుతున్నది. మోసేటోళ్లు తిట్టుకుంటరు."

అత్తమ్మ ఒక్క ఉదుటున లేచి వాకిట్లోకి పరుగెత్తింది. "ఓ పెద్దవ్వా, నీకు దండం బెడ్త! మగ్గాలు నడువుమను. ఈయన తనే సచ్చిన్ననుకుంటున్నడు!" అని నేనెన్నడూ వినని గొంతుతో కేక వేసింది. "జెరమొచ్చినా వానికి ఎచ్చులే" అని పెద్దవ్వ గొంతు, ఎక్కడో ఒక నవ్వు వినిపించాయి. అత్తమ్మ లోపలికి వచ్చి తానే మగ్గం గుంటలోకి దిగింది. మొదట మా మగ్గం ఒక్కటే. తరువాత ఎదురిల్లు, ఆ పక్కిల్లు. దూరపు వాన నడిచి వచ్చినట్టు చప్పుడు వాడను మెల్లగా నింపింది. మామ కాసేపు చెవి ఒగ్గాడు. "నీ చెయ్యి గట్టిగ లేదు, అంచు వదులైతది" అని గొణిగి, కళ్లు మూశాడు.

ఆపితే ఆయన లేస్తాడేమోనని ఆమె ఆపలేదు. నూలు కండెలు అందిస్తూ గోడకు చేరగిలబడిన నాకూ ఎప్పుడో రెప్పలు వాలాయి. మెలకువ వచ్చేసరికి గుమ్మంలో వెలుగు పసుపుపచ్చగా ఉన్నది. ఉదయమో సాయంత్రమో తెలియలేదు. అత్తమ్మ నేస్తూనే ఉన్నది. మామ నుదుట చెమట పట్టి, జ్వరం విడిచింది. ఆయన హాయిగా గురక పెడుతున్నాడు.

గడియారం చూసుకుంటూ ఆ తరువాత ఎన్ని పగళ్లు గడిపానో! అవన్నీ తమ వేళకు ముగిసిపోయాయి. ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం ఇంకా పొద్దు వాలలేదు.