వదిన వేసిన మార్కులు

మా వదిన ఏ సినిమాకూ పదికి పది మార్కులు వేయలేదు. చిన్నప్పుడు వాళ్ళ లెక్కల మాస్టారు అన్నీ సరిగ్గా చేసినా తొమ్మిది దగ్గరే ఆపేవాడట. పది వేస్తే పిల్లలు చెడిపోతారని ఆయన నమ్మకం. ఆమె అదే పద్ధతి సినిమాలకు పెట్టింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. దర్శి దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. మిరప, పత్తి వేస్తారు. నేను తాడేపల్లిలో ఉంటూ మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మా అమ్మ పోయేనాటికి నాది ఎనిమిదో తరగతి. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాదే అయింది. నాకు జడలు వేసింది, తిట్టింది, నన్ను కాలేజీలో చేర్చేదాకా అన్నయ్యతో మాట్లాడనని మూడు రోజులు మూతి బిగించుకుని కూర్చుంది. ఇవేవీ మా ఇద్దరి మాటల్లోకి ఎప్పుడూ రావు. మేం మాట్లాడుకునేది సినిమాల గురించే.

ఆదివారం భోజనాలయ్యాక ఫోన్ చేసుకునేవాళ్ళం. ఆ వారంలో ఏం చూశాం, ఎన్ని మార్కులు. వదిన మార్కులు వేసే తీరు నాకు భలే నచ్చేది. హీరో ఎంత అందంగా ఉన్నా, పాటలు ఎంత బాగున్నా, ఆ మనిషి ఏం పని చేసుకుని బతుకుతాడో చెప్పకపోతే నాలుగు దాటేది కాదు. సినిమాలో ఎవరైనా అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళిపోతే ఒక మార్కు తీసేసేది. ఆ కంచం ఎవరు తీశారో చూపించలేదని ఆమె బాధ. ఒకసారి ఏదో సినిమాలో హీరోయిన్ పట్టుచీర కట్టుకుని పండు మిరప చేలో పరిగెత్తుతూ పాడింది. ఆ వారం ఫోనంతా దాని గురించే. ఒక్క గంట కాయ కోసి ఆ చేత్తో కన్ను నలుపుకోమను, అప్పుడు పాడమను అంది. దానికి రెండు వేసింది. ఆ రెండూ చేను బాగా కాసినందుకు.

మా ఇద్దరి మధ్యలో మూడో గొంతు ఒకటి ఉండేది. అది వాళ్ళబ్బాయిది, నా మేనల్లుడిది. ఒక్కడే కొడుకు. డిప్లొమా చదివి దర్శిలో ఫోన్ల షాపులో పనిచేసేవాడు. ఇంట్లో పెద్ద టీవీ పెట్టిందీ, అందులో సినిమాలూ సిరీస్‌లూ వచ్చేలా చేసిందీ, వాళ్ళమ్మకి రిమోట్ నేర్పిందీ వాడే. మేం మాట్లాడుకుంటుంటే వెనక నుంచి అరిచేవాడు. అమ్మ నాలుగన్నదానికి తొమ్మిదనేవాడు, అమ్మ ఏడన్నదానికి నిద్రొచ్చిందనేవాడు. "అత్తా, అమ్మ మాట విని సినిమా మానేయకు, నష్టపోతావు" అని విడిగా మెసేజ్ పెట్టేవాడు. చూసి వాడి మాటే కరెక్టని నేను రాస్తే, ఆ మెసేజ్ తీసుకెళ్ళి వాళ్ళమ్మకి చూపించేవాడు. ఆ తర్వాతి వారం వదిన నాతో ముక్తసరిగా మాట్లాడేది.

వాడు పోయింది ఫిబ్రవరిలో. మిరప కోతల రోజులు. షాపుకి సెలవు పెట్టి దర్శిలో మ్యాట్నీ సినిమా చూసి, సాయంత్రం బండి మీద ఇంటికొస్తున్నాడు. ఊరి మలుపు దగ్గర పత్తి వేసుకెళ్తున్న ట్రాక్టరు ఆగి ఉంది. వెనక లైటు లేదు. చీకటి పడుతున్న వేళ వాడికి అది కనపడలేదు.

వదిన అప్పుడు చేలో ఉంది, కూలీలతో పాటు కాయ కోస్తూ. ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్తే గట్ల మీద పడుతూ లేస్తూ రోడ్డు దాకా వచ్చేసరికి అంబులెన్స్ వెళ్ళిపోయింది. రోడ్డు మీద వాడి చెప్పు ఒకటి ఉంది. అది చేత్తో పట్టుకుని ఆటో ఎక్కింది. ఒంగోలు ఆసుపత్రికి చేరేసరికి వాడు లేడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. దాని మీద పాత దుప్పటి కప్పారు. ఆదివారం నేను ఫోన్ చేసేదాన్ని, అన్నయ్య తీసేవాడు. తిన్నారా అంటే తిన్నాం అనేవాడు. వదినకిస్తే ఊ కొట్టేది. రెండు నిమిషాలకు మాటలు అయిపోయేవి. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం వదిన తనంతట తనే అడిగింది, ఈ మధ్య ఏమన్నా చూశావా అని. చూశానని, మామూలుగా ఉందని, ఐదు వేయొచ్చని చెప్పాను. ఎందుకు ఐదు అంది. చెప్పాను. వింది. అంతే. కానీ పై వారం దుప్పటి తీశారని అన్నయ్య చెప్పాడు.

అప్పటి నుంచి జాగ్రత్తగా ఉన్నాను. ముందు నేను చూసి, చావులు లేవని తెలుసుకున్నాకే చెప్పేదాన్ని. వంటల పోటీలు, పాత కామెడీలు, అత్తాకోడళ్ళ సీరియల్ ఒకటి. వదిన అన్నిటికీ ఐదే వేసేది. ఎందుకో చెప్పేది కాదు. అయినా ఆ అంకె ఆమె నోటి నుంచి వస్తే చాలనిపించేది.

డిసెంబరులో నేను తప్పు చేశాను.

మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కూర్చుంటే మాటలన్నీ ఇవే. ఎవరేం చూశారు, ఎంత ఇస్తారు. దానికో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. ఆ వారం నేను ఒక సిరీస్ చూశాను. ఒక మామూలు కుటుంబం కథ. తండ్రి టైలరు, తల్లి ఇంట్లోనే కారప్పొడి పట్టించి అమ్ముతుంది. వాళ్ళు పని చేస్తారు, తింటారు, కంచాలు తీస్తారు. చూస్తున్నంతసేపూ ఇది వదినకి నచ్చుతుందనే అనుకున్నాను. చూడటం అవగానే గ్రూపులో రాశాను: "తొమ్మిది. తప్పకుండా చూడండి." అదే మెసేజ్ వదినకీ పంపేశాను.

అందులో ఆరో భాగంలో వాళ్ళ కొడుకు స్కూటర్ మీద నుంచి పడి చనిపోతాడు. తల్లి పరిగెత్తుకొచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకుంటుంది. వాడు రెండు మాటలు మాట్లాడి కళ్ళు మూస్తాడు.

నేను మరిచిపోయి పంపానని చెప్తే అబద్ధం. ఆ సన్నివేశం నాకు బాగా గుర్తుంది. అక్కడ ఏడ్చాను కూడా. ఆమె ఎంత బాగా నటించిందో అనుకున్నాను. అంత ఏడుపులోనూ మా వాడు నాకు గుర్తు రాలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

ఆ ఆదివారం వదిన ఫోన్ ఎత్తలేదు. సోమవారం అన్నయ్య చేశాడు. కోప్పడలేదు. మీ వదిన రెండు రోజుల నుంచి సరిగా లేదమ్మా, నువ్వేదో చూడమన్నావంట, వీలైతే ఒకసారి రా అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. చేతిలో ఫోన్ పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. చిలకలూరిపేట, అద్దంకి మీదుగా దర్శి. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఇంటికెళ్ళేసరికి వదిన వసారాలో కూర్చుని పత్తిలో ఆకు ఏరుతోంది. నన్ను చూసి కాళ్ళు కడుక్కో అంది. మంచినీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది. క్షమించమని మొదలుపెట్టబోతే ముందు తినమంది.

కంచం తనే తీసింది. వచ్చి కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ ముక్క మూడుసార్లు చూశానమ్మాయ్. మీ అన్నయ్య వద్దన్నా చూశాను."

"తెలిసి పంపలేదు వదినా."

"అది కాదు. ఆవిడ అందుకుంది. తల ఒళ్ళో పెట్టుకుంది. వాడేం మాట్లాడాడో వింది. నేను అందుకోలేదు."

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది. ఓదార్చడానికి వచ్చినదాన్ని ఆమె చేత ఓదార్పు చేయించుకున్నాను.

కాసేపటికి, వాడు ఆ రోజు చూసిన సినిమా ఎలా ఉందో కూడా ఎవరికీ తెలియదంది. ఎప్పుడూ హాలు బయటికి రాగానే ఫోన్ చేసి చెప్పేవాడట. ఆ రోజు ఆమె ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో పెట్టి చేలోకి పోయింది. తర్వాత చూసుకుంటే వాడి నుంచి ఒక కాల్ ఉంది. ఎత్తి ఉంటే రెండు నిమిషాలు అక్కడే ఆగి మాట్లాడేవాడు, ఆ రెండు నిమిషాల్లో ట్రాక్టరు కదిలిపోయేదేమో అంది. పది నెలలుగా ఆమె లోపల తిరుగుతున్నది ఇదని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నయ్యకీ తెలియదు.

నా దగ్గర ఒకటుంది. పది నెలలుగా ఎవరికీ చూపించలేదు. చూపిస్తే ఏమవుతుందోనని భయం. ఫోన్ తీసి వాడి మెసేజ్‌లు తెరిచి ఆమె చేతికిచ్చాను. అన్నిటికంటే కింద ఉంది, ఆ రోజు ఇంటర్వెల్‌లో పెట్టింది. "అత్తా, ఇంటర్వెల్ దాకా ఏడు. మిగతాది ఇంటికెళ్ళి చెప్తా. అమ్మ నాలుగంటుంది చూడు."

వదిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది. వేలితో తెరను తుడిచి మళ్ళీ చదివింది. ఫోన్ తిరిగి ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ సినిమా ఇప్పుడు టీవీలో వస్తుందా?"

పొద్దున వాడు పెట్టిన మెసేజ్‌లో సినిమా పేరుంది. వస్తుందన్నాను. పెట్టమంది. అన్నయ్య పొలం నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వద్దంటాడనుకున్నాను. లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు.

చూశాం. గొప్ప సినిమా ఏం కాదు. ఒక ఊరు, ఇద్దరు స్నేహితులు, ఒక తగాదా. ఒకచోట వాడికి నచ్చి ఉంటుందని నాకనిపించింది. అక్కడ వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ముందుకు వంగింది. తెరలో ఇంటర్వెల్ అని పడగానే రిమోట్ తీసుకుని ఆపేసింది. వాడు నేర్పిన బటన్ అది.

"వాడు ఏడన్నాడు. ఏడే ఉంచు" అంది. మిగతా సగం పెట్టనా అని నేను అడగలేదు. ఆమె లేచి గేదెకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది.

నేనలా వెళ్ళిరావడంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. వదిన మళ్ళీ టీవీ చూడలేదు. ఈసారి దుప్పటి కప్పలేదు, అంతే. ఆదివారం ఫోన్ మాత్రం ఇద్దరం చేసుకుంటాం. పత్తికి పురుగు పట్టిందనో, కోతకు మనుషులు దొరకడం లేదనో చెప్తుంది. మధ్యలో మాటలాగిపోతే ఇదివరకు నాకు కంగారుగా ఉండేది. ఇప్పుడు ఆగనిస్తాను. ఒక్కోసారి వాడి గురించి తనే ఏదో ఒకటి చెప్తుంది, చిన్నప్పుడు వేరుశెనక్కాయలు జేబులో పెట్టుకుని బడికి పోయిన సంగతి లాంటిది. నేను ఆఫీసు గ్రూపు నుంచి బయటికొచ్చేశాను. మధ్యాహ్నం ఎవరైనా ఎంత ఇస్తావు అని అడిగితే, చూడలేదంటాను.

సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు అన్నయ్య నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా నడిచొచ్చాడు. బండి అమ్మేశాడు, ఇంకోటి కొనలేదు. కళ్ళాల్లో కాయ ఆరబోసి ఉంది. ఆ ఘాటుకి ఇద్దరం దగ్గుతూ నడిచాం. మా అన్నయ్య జన్మలో ఒక సినిమా పూర్తిగా చూసిన మనిషి కాదు. టీవీ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో గురకపెట్టేవాడు. రోడ్డు మీద నిలబడి, బస్సొచ్చే వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ రెండో సగం నేను చూశానమ్మా. మీ వదిన చేలోకెళ్ళినప్పుడు."

సంచి కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"చివర్లో స్నేహితులిద్దరూ కలిసిపోతారు. అందరూ నవ్వుతారు. వాడు నవ్వుకుంటూనే బయటికొచ్చుంటాడు."

బస్సు కనపడింది. చెయ్యెత్తి ఆపాడు. నా సంచి లోపల పెట్టి, కిటికీ దగ్గరికొచ్చి, ఈ మాట మీ వదినకి చెప్పమంటావా అని అడిగాడు. చెప్పమనాలో, వద్దనాలో నాకు తెలియలేదు. బస్సు కదిలింది. ఆయన ఇంకా వదినకి చెప్పలేదు.