తలుపులు తీసిన చెయ్యి

"కావాలనే తలుపులు తీసిపెట్టినావా?"

చిత్తూరు నుంచి వచ్చిన మేనేజరు జెసింతాను అడిగాడు. బంగారు గనుల ఊరు మారికుప్పంలో తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరులోని ఆ నగల పనిశాలకు ఆమె తొమ్మిదేళ్లుగా వస్తోంది. బంగారం గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఆ మంగళవారం వీధి కింద మెట్రో తవ్వుతుంటే నేల అదిరింది. జెసింతా బంగారం గది తలుపు, నడవా తలుపు, వీధి తలుపు బార్లా తీసి, "బయటికి రండి!" అని అరుస్తూ పరుగెత్తింది. తిరిగొచ్చి చూస్తే మూడు ఉంగరాలు లేవు.

ఆమె పుట్టింది గని కార్మికుల ఇళ్ల వరుసలో. గని లోపల బండ పేలి ఇల్లు ఊగితే అక్కడ బిడ్డను ఎత్తుకోవడం రెండో పని. మొదటిది తలుపు తీయడం. ద్వారబంధం వంకరపోతే తలుపు బిగుసుకుంటుంది, ఇంటిల్లిపాదీ లోపలే. ఒకసారి తాత్సారం చేసినందుకు నాయన చెంప పగలగొట్టాడు. గని మూతపడి పన్నెండేళ్లయినా ఆ సంగతి ఆమె చేతికి ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. మూడు రోజుల్లో జవాబివ్వాలి, లేకుంటే పోలీసులు. "డెలిబరేట్లీ" అన్న మాట కింద ఎర్ర గీత. చెమటకు తడిసిన ఆ కాగితం పట్టుకుని, ఒకప్పుడు తనకు ఇంగ్లీషు చెప్పిన భాగీరథి ఇంటికి పోయింది.

"ఈ మాటకు అర్థమేమి మిస్?"

"కావాలని. బుద్ధిపూర్వకంగా."

"అంటే నన్ను దొంగ అంటాండారా?"

"అంటాండారు. లాటిన్‌లో లిబ్రా అంటే తక్కెడ. దాంట్లోంచి పుట్టిన మాట ఇది. మనసులో బాగా తూచుకుని చేసే పని."

"తక్కెడ యాడుండాది మిస్? నేల అదిరింది, తీసినాను. జైల్లో పెడతారా?"

"అదే రాద్దాం. దండాలూ దేవుడి పేరూ వద్దు. ఇంగ ఏడ్చింది చాలు, కాగితం తడుస్తాంది."

శుక్రవారం మేనేజరు ఆ జవాబు చదువుతున్నాడు. ఎదురుగా జెసింతా నిలబడి ఉంది. వీధిలో పోలీసు జీపు ఆగినట్టు వినిపించిన ప్రతిసారీ అటు తిరిగి చూస్తోంది.

నేల మళ్లీ అదిరింది. బల్ల మీద కాఫీ తొణికింది. ఆయన తలెత్తేలోపే గది తలుపు బార్లా తెరిచి ఉంది. జెసింతా గడప మీద ఉంది.

"లేవండి సార్! బయటికి!"

ఆయన లేవలేదు. తెరిచిన తలుపునూ గడియ మీదున్న ఆమె చేతినీ చూశాడు. "పోలీసులొద్దులే. రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

ఉంగరాలు దొరకలేదు. పంతొమ్మిది రోజుల జీతం జెసింతాకు ఇంకా రావాలి.