కానుక సంచిలోని చీటీ

మా చర్చి సంఘంలో ఒక అన్న ఇక్కడే, కోయంబత్తూరులో, కంప్యూటర్ కంపెనీలో పని చేస్తాడు. పోయిన ఏడాది బడులు తెరిచే ముందు మందిరానికి ఒక కంప్యూటర్ తెచ్చాడు. ఏడాది పొడుగునా ఇంటర్నెట్ కూడా తానే కట్టిస్తానన్నాడు. షరతు ఒక్కటే: అది మందిరంలో ఉండకూడదు, చదువుకునే బిడ్డ ఉన్న ఇంట్లో ఉండాలి. మా వీధిలో అందరివీ కూలి బతుకులే. ఇంటికొక ఫోను ఉన్నా, అది పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళ జేబులో వెళ్ళిపోతుంది.

చాలా ఇళ్ళవాళ్ళు అడిగారు. ఎవరికివ్వాలో పెద్దలకు తేలలేదు. చీట్లు వేద్దామన్నది నేనే. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. యేసును పట్టిచ్చిన యూదా స్థానంలో ఇంకొకరు కావలసి వచ్చినప్పుడు శిష్యులు ప్రార్థన చేసి చీట్లు వేశారనీ, మనుషులకు తేలనిదాన్ని దేవుడు అలా తేలుస్తాడనీ ఎన్నోసార్లు చెప్పాను.

పేర్లు రాసి, ఆరాధనలో డబ్బులు వేసే కానుక సంచిలో వేశాం. తీయడానికి చూపు పోయిన అవ్వను పిలిచాం. ఆమె మనవరాలి పేరూ అందులో ఉంది. అయినా కనబడని కళ్ళను ఎవరు అనుమానిస్తారు? అవ్వ చెయ్యి పెట్టి, చాలాసేపు కదిపి, ఒక చీటీ తీసింది. అది మనవరాలిది కాదు. గాంధీపురంలో బట్టల షోరూం ఊడ్చే ఆమె ఇంటిది. ఆమె కొడుకు ఎనిమిదో తరగతి.

అందరం స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను, కానీ మనవరాలి వైపు చూడలేకపోయాను. ఆ పిల్ల ప్లస్ టూలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. బడిలో యంత్రం ముందు కూర్చునే వంతు ఎప్పుడో గాని రాదు. మిగతా రోజుల్లో ప్రోగ్రాములు కాగితం మీద రాసుకుని, ఉత్త బల్ల మీద వేళ్ళతో కొట్టి చూసుకునేది.

కొన్ని వారాలకు షోరూంలో ఊడ్చే ఆమె మా ఇంటికి వచ్చింది. దేవుణ్ణి మేము తమిళంలో లాగా ఆండవరు అనే అంటాం.

"టీచరక్కా, అవ్వ మనవరాలికి ఆ కంప్యూటర్ ఇచ్చేస్తే ఆండవరుకి కోపం వస్తాదా?"

"ఏమిటికి ఇయ్యాల?"

"దానికి ప్రాక్టికల్ పరీక్ష ఉండాదంట. మావాడు దాంట్లో క్రికెట్టే చూస్తా ఉండాడు. వాడు పెట్టే పరీక్ష నాకే."

నవ్వాను. దేవుడు చీటీతో ఇచ్చినదాన్ని మనం మార్చవచ్చా? బైబిల్లో నాబోతు, తాతల నాటి స్వాస్థ్యమని, తన ద్రాక్షతోటను రాజు అడిగినా ఇవ్వలేదు. పేద విధవరాలు ఉన్నదంతా కానుకగా ఇచ్చేసింది. రెండూ నేను చెప్పిన పాఠాలే. మదురైలో ఉన్న పాస్టరు అయ్యగారిని ఫోనులో అడిగితే ప్రార్థన చెయ్యమన్నారు. చేశాను. ఏమీ తేలలేదు.

ఇద్దరం అవ్వ ఇంటికి వెళ్ళాం. అవ్వ గడపలో కూర్చుని తడుముకుంటూ మునగాకు దూస్తోంది. సంగతి విని పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నాకి వద్దత్తా. ఆండవరు నాకి ఇయ్యలేదు గదా. చీటీలో వచ్చింది మార్చగూడదని టీచరక్కే చెప్పింది."

ఆ మాట ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. కానీ నేను చెప్పేలాంటి మాటే.

"అప్పో ఇంకోతూరి చీటీ ఏద్దాము," అంది షోరూం ఆమె. "గిద్యోను ఆండవరుని రెండుతూర్లు గురుతు అడగలేదా?"

"ఆయన భయంతో అడిగినాడు," అన్నాను.

"నాకి మాత్రం లేదా భయం?"

పిల్ల అవ్వ ముందున్న మునగరెమ్మ ఒకటి అందుకుంది. ఆకు దూస్తూ అంది: "సాయంత్రం మీ ఇంటికాడికి వచ్చి వాడికి లెక్కలు చెప్తానత్తా. కూలికి బదులు కొంచెంసేపు కంప్యూటర్ ఇయ్యండి. కూలి తీసుకుంటే తప్పులేదు గదా, టీచరక్కా?"

పనివాడికి కూలి రావాలన్నది వాక్యంలో ఉన్నదే. తప్పు లేదన్నాను.

"వాడికి లెక్కలు చెప్పేదానికి కంప్యూటర్ చాలదు," అందామె. "ఇల్లే రాసియ్యాల."

ఆ రోజు నుంచి పిల్ల సాయంత్రాలు అక్కడికి వెళ్ళేది. ప్రాక్టికల్ పరీక్షలో వేళ్ళు తడబడలేదని వచ్చి చెప్పింది. సంతోషించాను. కానీ దేవుడు చెప్పినది ఏది? చీటీయా, ఆ తల్లి మనసా, పిల్ల అడిగిన కూలా? అంతా ఆయన ముందే అనుకున్నదేనని పాఠం చెప్పవచ్చు. కానీ పిల్లల ముందు ఆ పాఠం ఇంకా చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆరాధనలో అవ్వ నా పక్కన కూర్చుంది. పాట ముగిశాక చెవిలో అడిగింది.

"అమ్మా, ఆ పొద్దు నేను సరిగా తీసినానా? మొదట పట్టుకున్న చీటీని ఇడిచిపెట్టినా. మా బిడ్డదేమో, జనం ఏమంటారో అని బయపడినా."

చేతిలోని పాటల పుస్తకం మూశాను. "సరిగ్గానే తీసినావు, అవ్వా," అన్నాను. ఏ ఆధారంతో అన్నానో నాకు తెలియదు.

అంతలో కానుక సంచి మా వరసకు వచ్చింది. అవ్వ అందులో చెయ్యి పెట్టింది. చీటీ తీసిన రోజులాగే ఆ చెయ్యి బయటికి రావడానికి కొంచెం ఆలస్యమైంది.